నొప్పి లేదని మాత్ర మానవద్దు

గుండె పై గదులు ఒక లయలో ముడుచుకోవాలి. వయసు మళ్లినవారిలోనూ, చిన్ననాడు కీళ్లవాత జ్వరం వచ్చి గుండె కవాటం పాడైనవారిలోనూ ఆ గదులు లయ తప్పి అదురుతుంటాయి. దీనిని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. అదిరే గదిలో రక్తం నిలిచి గడ్డ కడుతుంది. ఆ గడ్డ కదిలి మెదడుకు వెళ్లే రక్తనాళంలో అడ్డుపడితే పక్షవాతం వస్తుంది. ఈ జబ్బు ఉన్నవారికి ఆ ప్రమాదం సుమారు 5 రెట్లు ఎక్కువ.

రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ మాత్ర ఈ ప్రమాదాన్ని దాదాపు మూడింట రెండు వంతులు తగ్గిస్తుంది. అయితే ఈ మాత్ర వేసుకున్నందువల్ల ఒంట్లో తేడా ఏమీ తెలియదు. అందుకే చాలామంది మధ్యలో మానేస్తారు. పొరపాటు అక్కడే జరుగుతుంది.

ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష ఫలితం సాధారణంగా 2 నుండి 3 మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ కట్టే భయం, పెరిగితే రక్తస్రావ భయం. ఆకుకూరలు మానవలసిన పని లేదు. ఎప్పుడూ ఒకే మోతాదులో తినాలి. ఉపవాస దినాల్లో ఒక్కసారిగా పెంచితే మందు బలం తగ్గుతుంది.

పరీక్షలు అంతగా అవసరం లేని కొత్త మాత్రలు 2010 నుండి వచ్చాయి. కాని లోహపు కవాటం అమర్చినవారికి, కీళ్లవాతంతో కవాటం బాగా ఇరుకైనవారికి వార్ఫరిన్ వంటి పాత మందే తగినది.

కుటుంబ సభ్యులారా! డాక్టరును అడగకుండా నొప్పి మాత్రలు, నాటుమందులు ఇవ్వకండి. నల్లని విరేచనం, ఆగని రక్తం, తలకు దెబ్బ – వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా క్షణం ఆలస్యం చేయకండి.