నాట్‌వెస్ట్ సిరీస్ 2002: లార్డ్స్ ఫైనల్

ఇంగ్లండ్‌లో జరిగిన ఈ ముక్కోణపు వన్డే సిరీస్‌లో ఆతిథ్య జట్టుతో పాటు భారత్, శ్రీలంక తలపడ్డాయి. ఫైనల్ జులై 13న లార్డ్స్‌లో. ట్రెస్కోథిక్ (109), కెప్టెన్ నాసిర్ హుస్సేన్ (115) సెంచరీలతో ఇంగ్లండ్ 325/5 చేసింది. అప్పట్లో అది కొండంత లక్ష్యం. సచిన్ ఔటయ్యేసరికి భారత్ 146/5. ఇక మ్యాచ్ పోయినట్టేనని చాలామంది టీవీలు కట్టేశారు. యువరాజ్ (69), కైఫ్ (87 నాటౌట్) ఆరో వికెట్‌కు 121 పరుగులు జోడించారు. మూడు బంతులుండగా భారత్ 326/8తో 2 వికెట్ల తేడాతో గెలిచింది. గెలుపు పరుగులు జహీర్ ఖాన్‌వి. బాల్కనీలో కెప్టెన్ గంగూలీ చొక్కా విప్పి గిరగిరా తిప్పాడు. అదే ఏడాది ఫిబ్రవరిలో వాంఖడేలో ఇంగ్లండ్ ఆటగాడు ఫ్లింటాఫ్ చొక్కా విప్పినందుకు జవాబది. అందరికీ ఆ చొక్కానే గుర్తుంటుంది. పోటీ పరీక్షల అభ్యర్థులు మాత్రం 'మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్' మహ్మద్ కైఫ్ అని రాసుకోవాలి.