తాటిమ్రానిమీది మచ్చలు

కోవిల్పట్టి

చిరంజీవి మనుమనికి తాత ఆశీర్వదించి వ్రాయునది.

విరుదునగరమునుండి నీవు వ్రాసిన జాబు మొన్న అందినది. వసతిగృహమున నీతోడి విద్యార్థి, దేవుడు ఈ లోకమును ఆరువేల యేండ్ల క్రిందటనే సృజించెననియు, అయినను పుట్టిననాడే అది వయసు మీఱినదిగా కనబడునట్లు చేసెననియు వాదింపగా, నీవు నవ్వి అతనిని నొప్పించితివనియు, పిదప ఒంటరిగా కూర్చుండి ఆలోచించినప్పుడు నీకే ఉత్తరము తోచలేదనియు వ్రాసితివి. నవ్వుట తప్పు నాయనా. ఉత్తరము తోచకపోవుట మాత్రము తప్పుగాదు.

మన కరిసల్ (నల్లరేగడి) చేని గట్టుమీది తాటిచెట్టును తలచుకొనుము. మొదలినుండి తలవఱకు బోదెచుట్టును వలయములుగా మచ్చలున్నవి. ఒక్కొక్క మచ్చ ఒక మట్ట యూడిన చోటు. దేవుడు నిలువెత్తు తాటిని ఒక్క క్షణమున నిలిపెననుకొందము. దానికి ఆ మచ్చలుండునా? లేనిచో అది తాటిచెట్టే గాదు. ఉన్నచో అవి ఎన్నడును మొలవని మట్టలు రాలిన గుర్తులగును. ఇట్టి ఆలోచననే 1857లో ఇంగ్లండున ఫిలిప్ గాస్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు, తల్లికడుపున పుట్టని ఆదామునకు బొడ్డుండెనా అను ప్రశ్నతో ముడివేసి, నాభి యని అర్థమిచ్చు ‘ఓంఫలోస్’ అను పేర ఒక గ్రంథముగా వ్రాసెను. అంతకు రెండు శతాబ్దములకు ముందే అషర్ అను ఆర్చిబిషప్పు సృష్టి క్రీ.పూ. 4004లో జరిగెనని లెక్కగట్టియుండెను. రాళ్ళు చెప్పుచున్న కాలమో ఆ లెక్కలో ఇముడదాయెను. గాస్ భక్తుడు, సూక్ష్మదృష్టి గలవాడు. రెంటిలో దేనిని విడువలేక పడిన బాధయే ఆ పుస్తకము. కావుననే నీ స్నేహితుని మాట నవ్వదగినది గాదంటిని. అయినను ఆ సమాధానమును శాస్త్రజ్ఞులును మెచ్చరైరి, భక్తులును మెచ్చరైరి. క్రైస్తవాచార్యుడే యైన చార్లెస్ కింగ్‌స్లీ, దేవుడు రాళ్ళమీద అసత్యము వ్రాసెనని తాను నమ్మజాలనని గాస్‌కే తెలియజేసెను.

చిక్కంతయు అక్కడనే యున్నది. 1987 ఫిబ్రవరిలో దక్షిణాకాశమున ఒక నక్షత్రము ప్రేలుటను ఖగోళజ్ఞులు చూచిరి. ఆ వెలుగు మనకడకు ప్రయాణించిన కాలము సుమారు 1,68,000 ఏండ్లు. లోకమునకు ఆరువేల యేండ్లే యైనచో ఆ ప్రేలుట జరుగనే లేదు. జరుగని చావును దారిలోనే వెలుగుగా చిత్రించి దేవుడు మనకు పంపెననవలసి వచ్చును. మచ్చలు లేనిదే తాటి లేదని ఒప్పుకొందము. ఈ చిత్రము లేకున్న ఆకాశమునకు వచ్చిన కొఱతయేమి? ఇది సృష్టిని సమర్థించుట గాదు, సృష్టికర్తను దొంగసాక్షిని జేయుట. భక్తుడు మొదట సహింపరాని మాట ఇదియే.

రాయి నిజము చెప్పుటను మనచెంతనే చూడవచ్చును. కళుగుమలైకి నిన్ను పసితనమున తీసికొనిపోయితిమి గాని, మురుగన్ దర్శనముతోనే తిరిగివచ్చితిమి. కొండమీద వెట్టువాన్ కోవిల్ ఉన్నది. ఎనిమిదవ శతాబ్దిలో పాండ్యరాజుల కాలమున శిల్పులు కొండను చుట్టును తొలిచి, నడుమ మిగిలిన ఏకశిలను పైనుండి క్రిందికి చెక్కుచు వచ్చిరి. శిఖరము ముగిసినది, మృదంగము వాయించు దక్షిణామూర్తి ముగిసినాడు, అడుగుభాగము మాత్రము ముగియలేదు. అక్కడ ఉలిగాట్లు నేటికిని వ్రేళ్ళకు గఱుకుగా తగులును. ఏది ముందు, ఏది వెనుక అన్నది ఆ గాట్లే చెప్పును. గుడి వయస్సెంత యన్నచో పన్నెండువందల యేండ్లు. రాతి వయస్సెంత యన్నచో 54 కోట్ల యేండ్లకు పైమాటయని భూగర్భశాస్త్రము చెప్పును. రెండును నిజమే. ఆ శిల్పి తన ఉలిని దాచలేదు, రాతి ముదిమిని మార్చలేదు. కొండను చేసినవాడు గుడిని చేసినవానికంటె తక్కువ సత్యసంధుడని నాకు తోపదు.

మనవారిలోను ఇట్టి మాట లేదా యని అడుగుదువేమో. ఉన్నది, కాని దాని దారి వేఱు. నీవున్న జిల్లాలోనే తిరుచ్చుళి యున్నది. 1879లో రమణమహర్షి జన్మించిన ఊరు. లోకము క్రమముగా పుట్టినదనుట క్రమసృష్టి, చూపుతోడనే ఒక్కమాటుగా తోచినదనుట యుగపత్సృష్టి. వినువాని పరిపాకమును బట్టి శాస్త్రములు రెండును చెప్పుననియు, ముందు చూచువానిని తెలిసికొమ్మనియు ఆయన బోధ. కలలో ఒక ముదుసలి కనబడును. అతని నెరసిన జుట్టు, అతని డెబ్బదియేండ్లు, అతడు నిలిచిన వీధి అన్నియు ఒక్క క్షణమున పుట్టినవే. కాని మేల్కొన్నప్పుడు అన్నియు కలిసియే పోవును. గాస్ వాదమో, ముదుసలిని నిలుపుకొని అతని డెబ్బదియేండ్లను మాత్రమే కొట్టివేయుచున్నది. వేదాంతి యెన్నడును అట్లు సగము కలను నిజము చేయడు.

ఒక్క జాగ్రత్త చెప్పవలెను. మన కల్పము 432 కోట్ల యేండ్లు, శాస్త్రజ్ఞులు భూమికి చెప్పు వయస్సు 454 కోట్లు. అంకెలు దగ్గఱ పడినవిగదా యని ఆ పిల్లవానియెదుట గర్వపడకుము. ఒకటి యుగముల లెక్క నుండి, మఱియొకటి రాళ్ళలోని ధాతువుల క్షయము నుండి వచ్చినది. సూర్యసిద్ధాంతమున నన్ను ఆకర్షించినది వేఱొకటి: గ్రహనక్షత్రాదులను సృజించుటకే బ్రహ్మకు 1,70,64,000 ఏండ్లు పట్టెనని అందున్నది. దేవునికైనను పనికి కాలము పట్టునని ఒప్పుకొనిన ఆ పెద్దల నెమ్మది నాకు ప్రియము.

బస్సులో వచ్చుచున్న మీ మామచేత రెండు పొట్లములు వేరుసెనగల కడలమిఠాయి పంపుచున్నాను. ఒకటి ఆ స్నేహితునికిమ్ము, నవ్వినందుకు మన్నింపుమని అడుగుము. సెలవులకు అతనిని కూడ తోడ్కొనిరమ్ము. కళుగుమలై ఇక్కడికి 20 కిలోమీటర్లే. ఎండ ఎక్కినచో కొండరాయి కాళ్ళు కాల్చును గనుక తెల్లవాఱకమునుపే బయలుదేఱుదము.

ఇట్లు,
తాత