దెయ్యం ఫొటోలు: ఒక పరిశీలన



పండుగ సెలవుల నుంచి హాస్టల్‌కి తిరిగి వచ్చేటప్పుడు మన తమ్ముళ్లు అరిసెలతో పాటు ఈమధ్య ఫొటోలు కూడా తెస్తున్నారు. రథసప్తమి రాత్రి అరసవల్లిలో తీసిన ఫొటోలో తల పక్కన తెల్లని గుండ్రాలు, ఇంకోదానిలో చెట్టు కింద పొగలాంటి ఆకారం. "మన కంటికి కనపడలేదు గానీ కెమెరాకి పడింది" అని ఒకడు అన్నాడంటే, ఆ రాత్రి పదిమంది ఒకే గదిలో పడుకుంటారు. ఇంతవరకు నవ్వుకోవచ్చు. కానీ ఇలాంటి ఫొటో ఒకటి చూసే, గాలి సోకిందని ఒక తమ్ముణ్ణి పదో తరగతి పరీక్షల ముందు ఇంటికి తీసుకుపోయారు. తాయెత్తుకీ కోడికీ వాళ్లమ్మ వడ్డీకి తెచ్చింది. చిల్లంగి పెట్టారన్న అనుమానంతో మన ఏజెన్సీ ఊళ్లలో మనుషుల్ని చంపిన వార్తలు కూడా పేపర్లో చదివాం. కాబట్టి దీన్ని ఒక పాఠంలాగే చదువుదాం.

ముందుగా తెల్లని గుండ్రాలు. ఫోన్‌లలోనూ చిన్న డిజిటల్ కెమెరాలలోనూ ఫ్లాష్ లెన్సుకి బాగా దగ్గరగా ఉంటుంది. గాలిలో తేలే దుమ్ము, మంచు తుంపర, చిన్న పురుగు ఏదైనా లెన్సుకి జానెడు దూరంలో ఉంటే ఫ్లాష్ వెలుగు దానికి తగిలి తిన్నగా వెనక్కి వస్తుంది. అంత దగ్గర వస్తువుకి ఫోకస్ కుదరదు గనుక అది చుక్కలా కాక పెద్ద గుండ్రంలా పడుతుంది. రథసప్తమి మాఘమాసంలో వస్తుంది. ఆ రాత్రి మంచూ ఉంటుంది, వేలమంది కాళ్ల దుమ్మూ ఉంటుంది. మేము నలుగురం హాస్టల్ వరండాలో చీకటి పడ్డాక ఒక పాత దుప్పటి దులిపించి, ఫ్లాష్‌తో పది, ఫ్లాష్ లేకుండా పది ఫొటోలు తీశాం. ఫ్లాష్ వేసిన పదింటిలోనూ గుండ్రాలు వచ్చాయి, ఏ రెండింటిలోనూ ఒకే చోట లేవు. ఫ్లాష్ లేని వాటిలో ఒక్కటీ లేదు. (దుప్పటి ఎవరిదో ఇక్కడ రాయడం లేదు.)

ఇక పొగలాంటి ఆకారం. వెలుగు తక్కువైతే కెమెరా షట్టర్ ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది. ఆ అర సెకనులో కదలని గోడ స్పష్టంగా పడుతుంది, దాని ముందు నుంచి నడిచిపోయిన మనిషి మాత్రం వెనక గోడ కనిపించేలా పలచగా పడతాడు. ఫోన్‌లో నైట్ మోడ్ అయితే వరుసగా తీసిన అనేక ఫొటోలను కలిపి ఒకటి చేస్తుంది. మధ్యలో కదిలినవాడికి ఒక్కోసారి చెయ్యి ఉండి తల ఉండదు! డిజిటల్ రాకముందు కూడా ఈ వ్యాపారం ఉంది. 1860లలో అమెరికాలో విలియం మమ్లర్ అనే ఫొటోగ్రాఫర్, అయినవాళ్లని పోగొట్టుకున్న కుటుంబాలకు వాళ్ల ఫొటోలోనే చనిపోయినవారి నీడ చూపించి డబ్బు తీసుకునేవాడు. 1869లో న్యూయార్క్‌లో అతనిపై మోసం కేసు నడిచింది, రుజువు చాలక విడిచిపెట్టారు. ఒకే గాజు పలక మీద రెండుసార్లు ఫొటో తీస్తే అలాంటి నీడ వస్తుంది.

ఏ ఫొటోనైనా పరిశీలించాలంటే అసలు ఫైలు కావాలి. తీసిన తేదీ, సమయం, షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంది, ఫ్లాష్ వెలిగిందా అన్నవి ఫైలులోనే నమోదై ఉంటాయి. దీన్ని ఎగ్జిఫ్ సమాచారం అంటారు. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది పోతుంది. మా ఇళ్లల్లో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే గనుక, ఊళ్లో ఎవరి ఫోన్‌కి ఇలాంటిది వచ్చినా మా దగ్గరికే తెస్తారు. తీసిన ఫోన్ చూపించమని అడుగుతాం. చాలా కథలు అక్కడే ఆగిపోతాయి, ఎందుకంటే "ఎవరో పంపారు".

అరసవల్లి గుడి దగ్గర పొద్దున్నే తూర్పుకు తిరిగి తీసిన ఫొటోల్లో కనిపించే ఆకుపచ్చ చుక్క సంగతి వేరు. దానికి దుమ్ముతో పని లేదు. సూర్యకాంతి లెన్సు లోపలి గాజుల మధ్య తిరిగి ప్రతిఫలించడం వల్ల అది వస్తుంది. స్కేలు తీసుకుని సూర్యుడి నుంచి ఫొటో మధ్యబిందువు గుండా గీత గీసి, అంతే దూరం అవతలికి కొలవండి. ఫొటో కత్తిరించనిదైతే చుక్క చాలాసార్లు అక్కడే ఉంటుంది.

అదే గుడిలో కెమెరా అవసరం లేకుండా కళ్లతో చూడదగినది ఒకటుంది. మార్చి 9, 10 తేదీల్లో, మళ్లీ అక్టోబరు 1, 2 తేదీల్లో, మబ్బు లేకపోతే ఉదయకిరణాలు అనివెట్టి మండపం మీదుగా వచ్చి సూర్యనారాయణస్వామి పాదాలను తాకుతాయి. ఇవి ఉత్తరాయణ దక్షిణాయనాలు మారే రోజులని చాలామంది చెబుతారు గానీ అది సరికాదు. సూర్యుడు బాగా దక్షిణానికి పోయి వెనక్కి తిరిగేది డిసెంబరు 21 ప్రాంతంలో. అక్టోబరు 2 నుంచి ఆ రోజుకి 80 రోజులు. ఆ రోజు నుంచి మార్చి 10కి 79 రోజులు. అంటే పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి సూర్యుడు దాదాపు ఒకే చోట, నిక్కమైన తూర్పుకి సుమారు నాలుగు డిగ్రీలు దక్షిణంగా ఉదయిస్తాడు. ద్వారాలన్నీ ఆ వరుసకు కలిసేలా కట్టినవాళ్లు ఎన్నేళ్లు ఆకాశం చూసి ఉంటారో! తొమ్మిదో తరగతి తమ్ముళ్లు క్యాలెండర్ ముందు పెట్టుకుని రోజులు మీరే లెక్కపెట్టి చూడండి. వెళ్లి చూడాలనుకుంటే మాత్రం తెల్లవారకముందే వరుసలో ఉండాలి, ఆ రోజుల్లో జనం ఎక్కువ.