మనస్సు – మెదడు

మనస్సు కంటికి కనిపించదు. దాని లోతులను మాటల ద్వారా అన్వేషించినవారు మనోవిశ్లేషకులు. మెదడు కంటికి కనిపిస్తుంది. దానిని సూక్ష్మదర్శినితో పరిశీలించినవారు జీవశాస్త్రజ్ఞులు. ఈ రెండు మార్గాలూ ఎక్కడ కలుస్తాయనే ప్రశ్న శతాబ్దానికి పైగా విజ్ఞానులను ఆలోచింపజేస్తున్నది.

మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ వియన్నా నగరంలో తొలుత నాడీమండలాన్ని అధ్యయనం చేసిన వైద్యుడు. 1895లో ఆయన మానసిక వ్యాపారాలను నాడీకణాల ఆధారంగా వివరింపబూనుకున్నాడు. నాటి విజ్ఞానం అందుకు చాలలేదు. ఆ ప్రయత్నాన్ని విరమించి, మనిషి ఎరుకకు అందని కోరికలు, భయాలు అతని ప్రవర్తనను నడిపిస్తాయనే అచేతన సిద్ధాంతాన్ని రూపొందించాడు.

అదే నగరంలో 1929లో ఎరిక్ కాండెల్ ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. నాజీల దౌర్జన్యం వల్ల 1939లో అమెరికాకు వలస వెళ్ళాడు. బాల్యంలో కలిగిన ఆ భీతి ఆయన స్మృతి నుండి చెరగలేదు. మనోవిశ్లేషకుడు కావాలనే కోరికతో వైద్యవిద్య అభ్యసించిన కాండెల్, క్రమంగా స్మృతి రహస్యాన్ని నాడీకణంలోనే వెదకసాగాడు.

మానవుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. అందువల్ల ఆయన సుమారు 20,000 నాడీకణాలు మాత్రమే ఉన్న అప్లీసియా అనే సముద్రపు నత్తను ఎన్నుకున్నాడు. దాని తోకకు విద్యుద్ఘాతం కలిగిస్తే, ఆ తరువాత మెల్లగా తాకినా అది తన మొప్పను గట్టిగా ముడుచుకొనేది. ఒక్క ఘాతపు జ్ఞాపకం కొద్ది నిమిషాలే నిలిచింది. పలుమార్లు కలిగిన ఘాతాల జ్ఞాపకం రోజుల తరబడి నిలిచింది. మొదటి సందర్భంలో నాడీకణాల మధ్య ఉన్న సంధులు తాత్కాలికంగా బలపడ్డాయి. రెండవ సందర్భంలో కొన్ని జన్యువులు క్రియాశీలమై, కొత్త ప్రొటీన్లు తయారై, కొత్త సంధులు ఏర్పడ్డాయి. ఈ కృషికిగాను కాండెల్ 2000లో ఆర్విడ్ కార్ల్‌సన్, పాల్ గ్రీన్‌గార్డ్‌లతో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు.

జన్యువులను నుదుటి వ్రాతగా భావించడం పొరపాటు. తల్లిదండ్రుల నుండి సంక్రమించిన జన్యులిపిని అభ్యాసం మార్చదు. కాని ఏ జన్యువు ఎప్పుడు, ఎంతమేరకు పనిచేయాలనే విషయంపై అనుభవానికి ప్రభావం ఉంది. కనుక వైద్యుని మాటల వల్ల రోగి ప్రవర్తనలో శాశ్వతమైన మార్పు కలిగితే, అది మెదడులోని సంధులలో కూడా కలిగిన మార్పేనని 1998, 1999 సంవత్సరాలలో ప్రకటించిన వ్యాసాలలో కాండెల్ ప్రతిపాదించాడు. మనోవిశ్లేషణ తన సిద్ధాంతాలను ప్రయోగాలతో పరీక్షించుకోవాలని కూడా కోరాడు.

అయితే నత్త నేర్చిన జాగ్రత్త, ఫ్రాయిడ్ చెప్పిన అచేతనం ఒకటి కావు. ఒక దుఃఖం ఒక మనిషి జీవితంలో ఏ అర్థాన్ని సంతరించుకున్నదో నాడీకణాన్ని చూసి చెప్పలేము. దానిని తెలుసుకోవడానికి ఆ మనిషి మాటలనే ఆలకించాలి.

మనోవ్యాధితో బాధపడేవారిని కొందరు మనోబలం లేనివారని నిందిస్తారు. మరికొందరు అది వంశంలోనే ఉన్నదని ఆశ వదులుకుంటారు. ఈ రెండు అభిప్రాయాలూ సరికావని ఈ పరిశోధనలు తెలుపుతున్నాయి. మనోవ్యాధి కూడా చికిత్స పొందదగిన వ్యాధియే. ఆ చికిత్సలో వైద్యుడిచ్చే మందుకు, ఓర్పుతో పలికే మాటకు రెండింటికీ స్థానం ఉంది.