పాలునకు వచ్చిన కూరగాయలు: మిగులును వరుగు చేయు విధము

కూరతోటను పాలునకిచ్చిన రైతునకు ధాన్యపు పాలులో లేని చిక్కొకటి కలదు. వడ్లు గాదెలో పోసినచో ఏడాది నిలుచును. గంపలో వచ్చిన వంకాయలు మూడవనాటికి వాడి, కొలది దినములలోనే కుళ్ళును. మార్గశిరము మొదలు మాఘము వరకు తోట విరగకాయు కాలమున రెండు మూడు దినముల కొక కోత వచ్చును. ఆరుగురు తిను ఇంటికి ఇరువదిమందికి సరిపడు కాయ చేరును. చేవెళ్ళ, శంకరుపల్లి మొదలగు తావులవారికి హైదరాబాదు అంగడి సమీపముననే యున్నది. అయినను అందరి తోటలును ఒక్కసారి కాచుటచే, అమ్మిన సొమ్ము బండి బాడుగకైనను చాలని దినములు వారికిని తప్పవు. దూరపు గ్రామములలో మిగిలిన కాయ పశువుల ముందట పడును. ఆ యింటివారే వైశాఖమున కూర లేక సంతకు పోయి హెచ్చు వెలకు కొందురు.

వరుగు చేయుట ఇంటి ఆడువారికి క్రొత్త విద్య కాదు. అయినను పెక్కు ఇండ్లలో వరుగు నల్లబడుటకును, బూజు పట్టుటకును కారణమొకటి కలదు. తినగా, పంచగా మిగిలి, వాడి ముడుతలు పడిన కాయనే తుదకు వరుగునకు తీయుదురు. ఇది తలక్రిందుల పని. ఎండ కాయను నిలుపగలదే కాని చెడినదానిని బాగుచేయలేదు. కావున పాలు వచ్చిన పూటనే గంపను విడదీయవలెను. లేతయై గట్టిగా నున్న కాయ వరుగునకు, ముదిరినది కూరకు, పురుగు తొలిచినది చెడు భాగము కోసివేసి నాటి వంటకు, కుళ్ళినది ఎరువుగుంటకు. రైతు చేయవలసిన పని యొకటే: తన పాలు సాయంకాలము గాక తెల్లవారగనే ఇల్లు చేరునట్లు పాలుదారుతో ముందుగనే మాటాడుకొనుట. ప్రొద్దెక్కిన పిమ్మట తరిగిన ముక్కకు మొదటినాటి యెండ దక్కదు.

నూరు పాళ్ళ వంకాయలో 92 పాళ్ళకు పైగా నీరే. అందుచే 10 కిలోల కాయ చక్కగా ఎండినచో ఒక కిలోకు లోపుగానే తూగును. ఎక్కువ తూగినచో లోపల తడి మిగిలినదనియే యెంచవలెను. గోరుచిక్కుడులో నీరు 81 పాళ్ళు మాత్రమే గాన అది శీఘ్రముగా ఎండును, వరుగును ఎక్కువగా దక్కును. బూడిదగుమ్మడిలో నీరు 96 పాళ్ళు; దానిని వరుగు చేయుట వృథా శ్రమ. ముక్కలకు ఉప్పు పట్టించి, నీరు పిండి, మినపపిండిలో కలిపి ఒడియములు పెట్టుటయే తగును.

వంకాయను వ్రేలి మందమునకు మించకుండ తరిగి, వెంటనే ఉప్పునీటిలోగాని పలుచని మజ్జిగలోగాని వేయవలెను. గాలి తగిలినచో ముక్క నల్లబడును. గోరుచిక్కుడు తొడిమలు తీసి, మరుగుచున్న నీటిలో మూడు నిమిషములుంచి తీసి, చల్లార్చి ఆరబెట్టవలెను. ఇట్లు చేసినచో నిలువలో రంగును వాసనయు చెడవు. కాకరను చక్రములుగా తరిగి ఉప్పును పసుపును పట్టింపవలెను. టమాటాలను నాలుగు చీలికలు చేసి ఉప్పు చల్లి, తోలువలె సాగి వ్రేలికి అంటకుండువరకు ఎండనీయవలెను. పచ్చిమిరపకాయకు గాటు పెట్టి ఉప్పు కలిపిన మజ్జిగలో నానవేసి, పగలు ఎండబెట్టి రాత్రి మరల అదే మజ్జిగలో వేయుచు, మజ్జిగ యంతయు పీల్చుకొనువరకు సాగింపవలెను. మునగాకు మాత్రము నీడనే ఆరవలెను. కంటికి మేలుచేయు కెరోటిను ఎండతాకిడికి నశించును. సి విటమినో, ఎట్లెండించినను చాల భాగము పోవును. కావున వరుగుకూరతోడి భోజనమున నిమ్మకాయ యొకటి పిండుకొనుట మంచిది.

నేలమీద పరచిన వరుగులో దుమ్ము తప్పదు. నులకమంచముపై శుభ్రమైన గుడ్డ పరచి, ముక్కలు ఒకదానిపై నొకటి పడకుండ ఆరబోసి, ఈగలు వ్రాలకుండ పలుచని బట్ట కప్పవలెను. ప్రొద్దు వ్రాలకమునుపే ఇంటిలోనికి తేవలెను. పుష్యమాసపు మంచు ఒక్క రాత్రిలో రెండు దినముల యెండను వ్యర్థము చేయును.

వంకాయ, గోరుచిక్కుడు వరుగులను వంచినచో పుటుక్కున విరుగవలెను. ఆ పిమ్మటను నమ్మి జాడీలో కెత్తరాదు. గాజుసీసాలో పోసి మూత బిగించి మూడు దినములు చూడవలెను. సీసా లోపల చెమ్మ పట్టినను, ముక్క మెత్తబడినను మరల ఎండలో వేయవలెను. ఈ మూడు దినముల ఓర్పు లేకయే పెక్కు జాడీలు ఆషాఢమున పారబోయబడుచున్నవి.

బూజు కనబడినచో పైపైన తుడిచి వేపుకొనుట మిక్కిలి ప్రమాదము. కొన్ని బూజులు పుట్టించు విషము నూనెలో వేగినను పూర్తిగా పోదు. అట్టిదానిని పాడిపశువునకు పెట్టినచో కొంత పాలలోనికిని దిగును. గుంటలో పూడ్చివేయవలెను.

జాడీపై పెట్టిన మాసమును వ్రాసి, వానకాలమున ఎండ కాసిన దినము చూచి ఒకమారు విప్పి, మరల ఎండకు పెట్టవలెను. వరుగును గోరువెచ్చని నీటిలో నానబెట్టి పప్పులోను పులుసులోను వేయవచ్చును. నూనెలో వేపి అన్నమునకు నంజుకొనవచ్చును. పాత జాడీని ముందు విప్పి, మరుసటి మార్గశిరమున క్రొత్త కోత వచ్చునాటికి ఖాళీచేసి, కడిగి, ఎండలో బోర్లించి యుంచవలెను.