వ్యాధిభయము – సంఘధర్మము

అంటువ్యాధి ప్రబలినప్పుడు భయము గలుగుట సహజము. దానిని మేము నిందింపము. ఆ భయము మనచే నేమి చేయించుననునదే విచారింపదగినది.

1918వ సంవత్సరమున ఇన్‌ఫ్లుయెంజా జ్వరము బొంబాయి రేవున బొడసూపి, రైలుమార్గముల వెంట వ్యాపించి, మన దేశమున కోటిమందికి పైగా బలిగొనెను. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధి వ్యాపించినప్పుడు, నాటి చిత్తూరు జిల్లాలోని తిరుమలలో మార్చి 20 మొదలుకొని భక్తుల దర్శనము నిలుపబడెను. పూజలు ఏకాంతముగ జరిగెను. జూన్ మాసమున గాని దర్శనము మరల ప్రారంభము కాలేదు. ఇది భక్తికి లోపము గాదు; ముఖమెఱుగని వారి ప్రాణములను గాచుటయే.

అయినను దూరముగ నుండుట వేఱు, విడిచిపెట్టుట వేఱు. 1897 నాటి అంటువ్యాధుల చట్టము ఆజ్ఞ మీఱినవారిని శిక్షింపగలదు. పొరుగింటి రోగికి గంజి యిమ్మని యాజ్ఞాపింపజాలదు. అది మన యంతరాత్మ చేయవలసిన యాజ్ఞ.

కావున జ్వరము సోకినవారు గుంపులలోనికి బోరాదు. వదంతులను నమ్మరాదు, నమ్మింపరాదు. పనికి రావలదని కూలివానికి జెప్పినవారు ఆనాటి కూలి నీయవలయును. ఆరోగ్యవంతులు, కులము నడుగక, రోగి గడపచెంత గంజియు మందును ఉంచి, పేరుపెట్టి పిలిచి, బదులు వినబడువఱకు నిలువవలయును.