తాగనివారి కాలేయం

కాలేయ జబ్బు అనగానే మన నోట వచ్చే మొదటి ప్రశ్న "తాగేవాడా?" అని. రోగి ఎదుట అడగకపోయినా, పరామర్శకు వెళ్లి గుమ్మం దాటాక అడుగుతాం. తాగుడు హరామ్ అని చిన్ననాటి నుంచి నేర్చుకున్న ఇళ్లలో ఈ ప్రశ్న చాలా బరువైనది. అందుకే మనలో కొందరు స్కానింగ్ రిపోర్టును బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఇంకొందరు "మనం తాగం కదా, మనకేమవుతుంది" అని పరీక్షే చేయించుకోరు. ఇద్దరికీ నష్టం ఒకటే, చికిత్స ఆలస్యమవుతుంది.

1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో లుడ్విగ్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఒక వింతను నమోదు చేశారు. మద్యం అలవాటు లేని కొందరు రోగుల కాలేయపు ముక్కను సూక్ష్మదర్శినిలో చూస్తే, అచ్చం తాగేవారి కాలేయంలాగే ఉంది. వారిలో ఎక్కువమంది స్థూలకాయులు, చాలామందికి మధుమేహం. ఈ జబ్బుకు పెట్టిన పేరులో "ఆల్కహాల్" అన్న మాట ఉండిపోయింది. రోగిని నొప్పించే మాటలు వద్దని 2023లో అంతర్జాతీయ వైద్య సంఘాలు ఆ పేరునే మార్చేశాయి. పేరు మారింది గాని, గుమ్మం బయటి ప్రశ్న ఇంకా మారలేదు.

కాలేయం కుడివైపు పక్కటెముకల కింద ఉంటుంది, పెద్దవారిలో సుమారు కిలోన్నర బరువు. బడిలో మేము పైత్యరసం గురించి నాలుగు మాటలు చెప్పి, రెండు మార్కుల ప్రశ్న ఇచ్చి ముందుకు పోతాం. నిజానికి తిన్న అన్నంలోని చక్కెరను దాచిపెట్టడం, ఆకలివేళ దాన్ని రక్తంలోకి వదలడం, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రోటీన్లు తయారుచేయడం, వేసుకున్న మందులను విరిచి బయటికి పంపడం అన్నీ దాని పనులే. అవసరానికి మించి వచ్చిన చక్కెరను కొవ్వుగా మార్చేదీ అదే. ఖర్చు కాని కొవ్వు కొంత అక్కడే నిలిచిపోతుంది. నూటికి ఐదు కణాలకు మించి కొవ్వు చేరితే ఫ్యాటీ లివర్ అంటారు.

కొవ్వు ఉన్నంత మాత్రాన అందరికీ ముప్పు రాదు. కొందరిలో మాత్రం వాపు మొదలవుతుంది. పుండు మానినచోట మచ్చ పడినట్టే, వాపు వచ్చినచోట మచ్చ కణజాలం ఏర్పడుతుంది. ఏళ్ల తరబడి అది పెరిగి కాలేయం గట్టిపడి గడ్డలు కడితే సిర్రోసిస్. ఇంత జరుగుతున్నా చాలామందికి నొప్పి ఉండదు. రక్తపరీక్షలో ఎంజైములు మామూలుగానే ఉన్నా లోపల కొవ్వు ఉండవచ్చు. మనిషి లావుగా కనబడాలనీ లేదు. మన దేశస్థులకు కొవ్వు ముందుగా పొట్ట చుట్టూ చేరుతుంది. నడుము కొలత మగవారిలో 90 సెంటీమీటర్లు, ఆడవారిలో 80 దాటితే జాగ్రత్తపడాలి. బరువు కాటా చెప్పని సంగతి దర్జీ టేపు చెబుతుంది.

మా సహోద్యోగి ఒకరు, లెక్కల మాస్టారు, పిత్తాశయంలో రాళ్లేమోనని అల్ట్రాసౌండ్ తీయించుకుంటే గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని వచ్చింది. జీవితంలో చుక్క ముట్టని మనిషి. అన్నగారికి తెలిస్తే ఏమనుకుంటారోనని ఏడు నెలలు దాచారు. కొడుకు టీసీ కోసం వెదుకుతుంటే భాభీ చేతికి ఆ కాగితం దొరికింది. ఆమె కోప్పడలేదు, మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. అప్పుడు ఆయన బరువు 84 కిలోలు, షుగర్ కూడా ఉంది. ఎనిమిది కిలోలు తగ్గమన్నారు.

ఆయన చేసిన మొదటి పని ఒక లెక్క. స్టాఫ్‌రూములో, ఇంట్లో కలిపి రోజుకు ఆరు టీలు, టీకి రెండు చెంచాల చక్కెర. చెంచాకు 4 గ్రాములు అనుకున్నా రోజుకు 48, నెలకు 1,440 గ్రాములు. మీటర్ చూసే ముందు రెండు రోజులు మాత్రం చక్కెర మానేసే పెద్దమనిషి ఈ అంకె చూసి నివ్వెరపోయారు. టీలు రెండుకు దిగాయి, చక్కెర పోయింది. రాత్రి పదిన్నరకు తినే అన్నం ఎనిమిదింటికి రెండు జొన్నరొట్టెలు, పప్పు, కూర అయింది. ఫజర్ తర్వాత పడుకోకుండా చెరువుకట్ట మీద ముప్పావు గంట నడక. దావత్‌లకు వెళ్లడం మానలేదు, బిర్యానీ ఒక్కసారే వడ్డించుకుని లేచేవారు. మొదటి నెల రెండు కిలోలు తగ్గారు. ఆ తర్వాత మూడు నెలలు కాటా కదల్లేదు. మానేద్దామనుకున్న రోజుల్లో భాభీ కూడా నడకకు బయలుదేరారు. ఏడాదికి 76 కిలోలు. స్కానింగ్‌లో గ్రేడ్ 1కి వచ్చింది, డాక్టరు షుగర్ మాత్ర ఒకటి తగ్గించారు.

ఇది ఆయన ఒక్కరి అదృష్టం కాదు. క్యూబాలో 293 మంది రోగులను ఏడాది పాటు ఆహారం, నడకతోనే గమనించి 2015లో ఫలితాలు ప్రచురించారు. శరీర బరువులో పదో వంతు, అంతకన్నా ఎక్కువ తగ్గినవారిలో నూటికి 90 మందికి వాపు పోయింది, 45 మందికి మచ్చ కూడా తగ్గింది. అయితే అంత తగ్గగలిగినవారు పదిమందిలో ఒక్కరే. అందువల్ల రోగిని ఒంటరిగా వేరే గిన్నెలో తినమనడం నాకు సరైన వైద్యంగా తోచదు. ఇంటి వంటే మారాలి. అయిదు శాతం తగ్గినా కాలేయంలో కొవ్వు తగ్గుతుంది గనుక చిన్న ప్రయత్నం కూడా వృథా కాదు.

తొందర మాత్రం పనికిరాదు. వారానికి అరకిలో, మహా అయితే కిలో. కడుపు మాడ్చుకుని ఒక్కసారిగా తగ్గితే కాలేయానికి ఇంకా చెరుపు. రంజాన్‌లో పగలంతా ఉపవాసం ఉండి ఇఫ్తార్‌లో పకోడీలు, సమోసాలు, గ్లాసుల కొద్దీ షర్బత్‌తో బరువు పెంచుకునేవారిని ఏటా చూస్తున్నాం. సిర్రోసిస్ ఉన్నవారు, ఇన్సులిన్ తీసుకునేవారు రోజాలకు ముందే డాక్టరును అడగాలి. రోగికి సడలింపు ఉన్న సంగతి మనకు తెలిసిందే.

"లివర్ శుభ్రం చేసే" కషాయాల జోలికి పోవద్దని మరీ మరీ చెబుతాను. కరోనా కాలంలో తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్నవారి వివరాలను ముంబై వైద్యులు ప్రచురించారు. చెట్టు నుంచి వచ్చినదల్లా మంచిదే అనుకోవడం చదువుకున్న ఇళ్లలోనూ ఉంది.

సిర్రోసిస్ దాకా వెళ్లినవారి పథ్యం వేరు. వారికి ఉప్పు తగ్గించాలి గాని తిండి తగ్గించకూడదు. కండ కరిగిపోకుండా పప్పు, గుడ్డు, పాలు, చేప అందాలి. పడుకునే ముందు కొంచెం తినడం మేలు. నీరసంగా ఉన్నారని గంజి మీదే ఉంచడం వారిని మరింత కుంగదీస్తుంది. హెపటైటిస్ బి, సి వైరస్‌ల వల్ల వచ్చే జబ్బుకు నడక మందు కాదు, రక్తపరీక్ష చేయించి మందులు వాడాలి. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో ఆ మందులు ఉచితం.

దాతలకు ఒక మనవి. వైద్య సహాయం కోరుతూ వచ్చే దరఖాస్తుల్లో కాలేయ రోగులు చాలావరకు చివరి దశలో వస్తారు. మార్పిడి ఆపరేషన్‌కు లక్షలు కావాలి, అప్పటికి మనం ఇచ్చేది ఎంతైనా చాలదు. ఆ సహాయం ఆపమనడం లేదు. దానితోపాటు షుగర్ ఉన్నవారికి, నడుము కొలత దాటినవారికి ముందే పరీక్ష చేయిస్తే తక్కువ డబ్బుతో ఎక్కువమందిని చేరగలం. ఏ.ఎస్.టి., ఏ.ఎల్.టి., ప్లేట్‌లెట్ల సంఖ్య, వీటికి వయసు కలిపితే ఫిబ్-4 అనే లెక్క వస్తుంది, ఫోనులోనే చేయవచ్చు. 65 ఏళ్ల లోపువారిలో అది 1.3 కంటే తక్కువైతే మచ్చ ముదిరి ఉండే అవకాశం తక్కువ. ఎక్కువ వచ్చినవారిని ఫైబ్రోస్కాన్‌కు పంపితే కాలేయం ఎంత గట్టిపడిందో సూది లేకుండా పది నిమిషాల్లో తెలుస్తుంది. ఆడవారికి వేరే గది, వేరే వేళ ఉండాలి, లేకపోతే వారు రారు. రిపోర్టును అందరి ముందు చదవకుండా కవరులో పెట్టి చేతికివ్వాలి. శిబిరం ఒక్కరోజుతో ముగించకుండా, బరువు, నడుము కొలత రాసిన అదే పుస్తకంతో మూడు నెలలకు మళ్లీ పిలవాలి.